పరిచర్యకు పోయే పిల్లలు, ఇంటి దగ్గరుండే పెద్దలు

పరీక్షలు అయిపోగానే మన సంఘాల్లో యౌవనస్థుల కూడికలకు ఊపొస్తుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు చర్చిల్లో పేర్లు రాసుకుంటారు. ఒక జట్టు ఉదయగిరి వైపు, ఒక జట్టు ఆత్మకూరు వైపు. పొద్దున పూట పిలకాయలకు వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి), సాయంత్రం ఎండ తగ్గాక ఇల్లిల్లూ తిరిగి కరపత్రాలు పంచడం, రాత్రికి చర్చి ముందు పందిట్లో కూటం. మీ అబ్బాయో అమ్మాయో ఇంటికొచ్చి "అమ్మా, నేనూ పోతా" అంటే మీ మనసు పొంగుతుంది. పొంగాలి కూడా. సెలవులన్నీ సెల్‌ఫోన్‌లో పోగొట్టుకోకుండా పరాయి ఊళ్ళో పదిమందికి మేలు చేసి వస్తానంటున్న బిడ్డను ఎవరు కాదంటారు?

పంపండి. ఆ సంతోషాన్ని తగ్గించాలని ఈ మాటలు రాయడం లేదు. కానీ చేతికి బైబిలిచ్చి, నెత్తిన చెయ్యిపెట్టి ప్రార్థన చేసి, "ఇక అంతా ప్రభువే చూసుకుంటాడు" అని బస్సెక్కిస్తే మన పని సగమే అయినట్టు. ప్రభువు చూసుకుంటాడన్నది సత్యం. ఆయన చూసుకుంటాడు కాబట్టి నేను చూసుకోనక్కర్లేదనే మాట మాత్రం లేఖనాల్లో ఎక్కడా లేదు. యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా, శత్రువులు పొంచి ఉన్నారని తెలిసినప్పుడు ప్రార్థనా చేశాడు, రాత్రింబగళ్ళు కావలీ పెట్టాడు. దేవాలయ శిఖరం మీదినుంచి దూకమని, దూతలు పట్టుకుంటారని అపవాది చెప్పినప్పుడు యేసు దూకలేదు, దేవుణ్ణి శోధించకూడదన్నాడు. ఈ రెండు సంగతులూ ఆదివారపు బడిలో మన పిల్లలు విన్నవే. యాత్రకు పోయే ముందు ఇంట్లో కూర్చోబెట్టి మళ్ళీ ఒకసారి చెప్పండి. పిల్లలు చర్చిలో విన్నదానికంటే మనింట్లో చూసినదాన్నే పట్టుకుంటారు. బండికి ఇన్సూరెన్సు కట్టకుండా, హెల్మెట్ పెట్టుకోకుండా "ప్రభువు కాపాడతాడు" అనే తండ్రి, కొడుక్కి నేర్పేది విశ్వాసమని నేననుకోను.

మన పిల్లలు పోతున్న నేలకు సువార్త పరిచర్యలో చాలా పెద్ద చరిత్ర ఉంది. అది తెలియకుండా పంపడం న్యాయం కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషను వాళ్ళు 1840లో నెల్లూరులో అడుగుపెట్టారు. పాతికేళ్ళ పాటు చెప్పుకోదగ్గ ఫలితమే కనపడలేదు. మిషను ఎత్తేద్దామని అమెరికాలోని మిషను పెద్దలు ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. తర్వాత పశ్చిమాన మెట్ట ప్రాంతానికి కదిలారు. 1885లో ఉదయగిరిలో, 1893లో ఆత్మకూరులో మిషను కేంద్రాలు పెట్టారు. ఇప్పుడు మన పిల్లలు బస్సులో పోయే దారిలో వాళ్ళు ఎద్దుబండ్ల మీదా, కాలినడకనా పోయారు. వాళ్ళకంటే ముందు, వాళ్ళకంటే ఎక్కువగా తిరిగింది మాత్రం మన తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు. తోలు వ్యాపారం మీద ఊరూరా తిరిగే యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు తమ బంధువుల ఇళ్ళకు సువార్త మాట మోసుకుపోయారు. వాళ్ళు చెప్పి వెళ్ళిపోయే మనుషులు కారు. చెప్పిన ఊరితోనే వియ్యమందారు, ఆ ఊరి చావుకీ పెళ్ళికీ నిలబడ్డారు.

ధాత కరువు సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి. 1876 నుంచి 1878 దాకా మన నేల మాడిపోయింది. ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ క్లౌ దొర అమెరికాలో ఉన్నప్పుడు భూములు సర్వే చేసే పని చేసినవాడు. ఆ అనుభవంతో బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్ళు వేలమంది అక్కడికి వచ్చి మట్టి పని చేసి, కూలి తీసుకుని, ప్రాణాలు నిలుపుకున్నారు. వాళ్ళలో చాలామంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూటికోసం వచ్చారా, నమ్మి వచ్చారా అన్నది తేలేదాకా ఇవ్వకూడదని ఏడాదికి పైగా ఆపాడు. పని అయిపోయి, ఇక పంచడానికి తన దగ్గర ఏమీ లేదని అందరికీ తెలిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మన సంఘాల్లో ఈ అంకెను గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందు క్లౌ దొర ఏడాదికి పైగా ఆగిన సంగతి అంత గట్టిగా చెప్పుకోం. నా మట్టుకు నాకు ఆ ఆగడమే పెద్ద సాక్ష్యం. ఎదుటివాడి అవసరం నా చేతిలో ఉన్నప్పుడు దాన్ని నా లెక్క పెంచుకోవడానికి వాడుకోను అనుకోవడం అది. మన పిల్లలు బిస్కెట్ పొట్లాలూ, పాత బట్టలూ, నోటుపుస్తకాలూ పంచే చోట ఈ పాఠం అక్షరాలా పనికొస్తుంది. ముందు పాట పాడితేనే పొట్లం ఇస్తామని పిలకాయలతో అనకూడదు. చెయ్యి చాచిన పసివాడి మొహం ఫోన్‌లో తీసి స్టేటస్‌లో పెట్టకూడదు. ఆ పసివాడికీ ఒక అమ్మ ఉంది. తన బిడ్డ చెయ్యి చాచిన ఫొటో ఊరంతా చూడటం ఆమెకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. మన బిడ్డ ఫొటో అలా ఎవరైనా పెడితే మనం ఊరుకుంటామా అని మీ అబ్బాయిని అడగండి, చాలు.

ఇక అక్కడి ఇంటి సంగతి. జట్టు దిగేది సాధారణంగా ఆ ఊరి పాస్టరు గారి ఇంట్లోనో, చర్చి హాల్లోనో. పదిహేను మందికి మూడు పూటలా వండేది పాస్టరమ్మ. యాత్ర గురించి తర్వాత చెప్పుకునే సాక్ష్యాల్లో ఆమె పేరు వినపడదు. ఉదయగిరి ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్ళ బాధ ఈనాటిది కాదు. చాలా ఇళ్ళలో తాగే నీళ్ళు క్యాన్లలో కొనుక్కుంటారు. మే నెల ఎండలో పదిహేను మంది కుర్రవాళ్ళు రోజుకు ఎన్ని క్యాన్లు ఖాళీ చేస్తారో మీకు తెలుసు. ఆ ఖర్చు ఎవరిది? ఆమె నోరు తెరిచి అడగదు. "దేవుని బిడ్డలు వచ్చారు, అదే మాకు చాలు" అంటుంది. ఆమె అలా అంటుంది కాబట్టే మనం ముందే లెక్క కట్టి ఇవ్వాలి. బియ్యం, పప్పు, నూనె, నీళ్ళు, గ్యాసు, వీటన్నిటికీ జట్టు తరఫున డబ్బు ముందే చేరేటట్టు చూడండి. మీ అమ్మాయికీ అబ్బాయికీ ఇద్దరికీ చెప్పండి: తిన్న కంచం కడుగు, పడుకున్న చోటు ఊడువు, కూర నచ్చకపోతే ఆ మాట నోట్లోంచి రానియ్యకు. అబ్బాయిలకు ఇంకాస్త గట్టిగా చెప్పండి. కంచాలు కడిగే పని అమ్మాయిల మీదికి తోసి తాము కంజీర పట్టుకుని కూర్చునే అలవాటు మన జట్లలో ఇంకా పోలేదు. యేసు తన శిష్యుల్ని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు ఏ ఇంట దిగితే ఆ ఇంటనే ఉండమన్నాడు, పెట్టినది తినమన్నాడు. ఆతిథ్యమిచ్చే ఇంటి గౌరవం సువార్తలో ఒక భాగం.

మాట ఇచ్చే విషయం దీనికంటే సున్నితమైనది. మెట్ట పల్లెల్లో పగలు ఇళ్ళ దగ్గర ఉండేది ఎక్కువగా ముసలివాళ్ళు, పిలకాయలు. వయసువాళ్ళు బెంగుళూరుకో హైదరాబాదుకో చెన్నైకో పనికి పోయుంటారు. మన అబ్బాయి ఒక గడప దగ్గర నిలబడతాడు. అవ్వ నులకమంచం మీది బట్టలు పక్కకు జరిపి, పైటచెంగుతో దుమ్ము దులిపి కూర్చోమంటుంది. చెంబుతో నీళ్ళిస్తుంది. మోకాళ్ళ నొప్పులు చెప్తుంది, కొడుకు ఫోన్ చెయ్యడం లేదని చెప్తుంది. మనవాడు నోటుపుస్తకంలో ఆమె పేరు రాసుకుని ప్రార్థన చేస్తాడు. నిజంగానే చేస్తాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. లేచేటప్పుడు ఆమె అడుగుతుంది: "మళ్ళా ఎప్పుడొస్తావు నాయనా?" వీడు అలవాటుగా, ఆమె మనసు నొప్పించలేక, "వచ్చే నెలలో వస్తానవ్వా" అంటాడు. వాడికి అది వీడ్కోలు మాట. ఆమెకు గడువు. కాలేజీ తెరుస్తారు, ఆ నోటుపుస్తకం బల్ల కింద పడిపోతుంది. అవ్వ మాత్రం ఎదురుచూస్తుంది. యాత్రల్లో మన పిల్లలు చేసే అన్యాయాల్లో ఎవరికీ కనపడనిది ఇదే అనిపిస్తుంది నాకు. రాలేనప్పుడు "రాలేనేమో అవ్వా, ఫోన్ చేస్తాను" అనడం నేర్పండి. ఫోన్ చేస్తానంటే చేయించండి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్కన కూర్చుని "ఏరా, ఆ అవ్వకు చేశావా?" అని అడగండి. మాట మీద నిలబడటం ఇంట్లోనే నేర్చుకోవాలి. అది ఏ శిబిరంలోనూ పట్టుబడదు.

మందుల విషయంలో కాస్త కఠినంగానే ఉండండి. జట్టుతో పాటు ఒక సంచీలో బిళ్ళలు పోతాయి. జ్వరానికీ, నొప్పులకూ, కడుపులో మంటకూ. డాక్టరు గానీ నర్సు గానీ లేకుండా ఇంటర్మీడియట్ చదివే పిల్లలు ఆ బిళ్ళల్ని కాగితంలో చుట్టి పంచడం సేవ అనిపించుకోదు. ఆ ముసలాయనకు కిడ్నీ జబ్బు ఉందో లేదో, ఆమె ఇప్పటికే ఏం వాడుతోందో వీళ్ళకేం తెలుసు? అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. ప్రార్థన చేశాక ఉత్సాహంలో "ఇక మందులు అక్కర్లేదు, నమ్మితే చాలు" అనే మాట. షుగరు, బీపీ, క్షయ, మూర్ఛ, వీటికి మందు ఆపితే ప్రాణం మీదికొస్తుంది. క్షయకు మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికేసి, ఆ మందులకే లొంగకుండా పోతుంది. ఇంట్లో మిగిలినవాళ్ళకూ అంటుకుంటుంది. స్వస్థపరచమని ప్రార్థించడానికి మన పిల్లలకు స్వాతంత్ర్యం ఉంది. మందు మానమని చెప్పడానికి లేదు. సువార్త రాసిన లూకా వైద్యుడు. కడుపు జబ్బుతో బాధపడుతున్న తిమోతికి ఏం పుచ్చుకోవాలో పౌలే రాశాడు. ఇదే ఉదయగిరిలో నూరేళ్ళ కిందట మిషను తరఫున డాక్టర్ స్టెయిట్ అనే వైద్యురాలు భర్తతో కలిసి ఏళ్ళ తరబడి ఉండి రోగుల్ని చూసింది. ప్రార్థన చేసే చేతులతోనే మందు ఇచ్చిన నేల అది. అక్కడికి పోయి మన పిల్లలు మందు మానమని చెప్పడమేంటి?

ఏరు చూస్తే కుర్రకారు ఆగదు. ఆత్మకూరు వైపు పోయిన జట్టు ఒక సాయంత్రం సోమశిలకు పోదాం, పెన్నలో దిగుదాం అంటుంది. పెన్నలో ఇసుక తోడిన చోట గుంతలు పైకి కనపడవు. పైన డ్యామ్ నుంచి నీళ్ళు వదిలితే ఏరు ఎప్పుడు పెరిగేదీ తెలియదు. ఈత వచ్చినవాళ్ళు కూడా అలాంటి గుంతల్లో పోతారు. ఊరివాళ్ళు వద్దన్న చోట దిగకూడదని, ఒక బండి మీద ముగ్గురు ఎక్కకూడదని, లైసెన్సు లేనివాడు నడపకూడదని మాట తీసుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది తల్లిదండ్రులు వినడానికి ఇష్టపడరు. అయినా చెప్పాలి. దైవసేవకుల మీద మాట అనకూడదని మనం పిల్లల్ని పెంచుతాం. గౌరవం మంచిదే. కానీ ఆ గౌరవం ఒక్కోసారి బిడ్డ నోరు మూయిస్తుంది. జట్టు పెద్ద గానీ, పాటలు నేర్పే అన్న గానీ, ఆతిథ్యమిచ్చిన ఇంట్లో మనిషి గానీ తప్పుగా తాకినా, తప్పుగా మాట్లాడినా, రాత్రిపూట ఒంటరిగా ప్రార్థనకు రమ్మన్నా ఆ క్షణమే ఫోన్ చెయ్యమని చెప్పండి. "నువ్వు చెప్తే నేను నమ్ముతాను" అనే మాట బయల్దేరే ముందే మీ నోట వినాలి. అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకూ ఇదే మాట. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల విషయంలో ఇలాంటివి తెలిసీ పోలీసులకు చెప్పకుండా దాచడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. "సంఘం పరువు పోతుంది" అని సర్దుబాటు చేసే పెద్దలకు ఈ సంగతి గుర్తు చెయ్యండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. అలాగే మీ పిల్లలు కూడా ఎదుటివాళ్ళ పిలకాయల విషయంలో జాగ్రత్తగా ఉండాలి: వి.బి.ఎస్.కు వచ్చిన ఏ పసిబిడ్డనూ ఒంటరిగా గదిలోకి తీసుకుపోకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దల కళ్ళ ముందే ఉండాలి. అమ్మాయిలున్న జట్టుతో వయసులో పెద్ద అయిన ఒక స్త్రీ పోకపోతే, మీ అమ్మాయిని పంపొద్దు. పాస్టరు గారు నొచ్చుకున్నా సరే.

డబ్బు గురించి ఒక్క మాట. బంధువుల దగ్గర, పనిచేసే చోట, వాట్సాప్‌లో అడిగి పోగుచేసిన కానుకలకు లెక్క ఉండాలి. మాసిదోనియ సంఘాల కానుకను యెరూషలేముకు పంపేటప్పుడు పౌలంతటివాడు తనొక్కడే మోసుకుపోలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎంచిన మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు. మిగిలిన డబ్బు తిరిగొచ్చి సంఘం పెట్టెలో పడేదాకా యాత్ర అయిపోయినట్టు కాదు.

ఇక ఇరుగుపొరుగు సంగతి. ఉదయగిరి కోట కింద ఊళ్ళో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆత్మకూరుకు దగ్గర్లోని ఏఎస్‌పేట దర్గాకు అన్ని మతాలవాళ్ళూ వస్తారు. పల్లెల్లో గుడి, మసీదు, చర్చి ఒకదానికొకటి వినపడేంత దూరంలో ఉంటాయి. మన పిల్లలు అక్కడ ఉండేది నాలుగు రోజులు. ఆ ఊరి విశ్వాసులు అదే బోరు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ, అదే రేషను వరసలో నిలబడుతూ ఏడాదంతా బతకాలి. ఒకరి దేవుణ్ణి వెక్కిరించే మాట, వద్దన్న ఇంటి గోడకు అంటించిన కాగితం, రాత్రి పది దాటాక కూడా మోగే మైకు, ఇవన్నీ మనవాళ్ళు బస్సెక్కాక ఊళ్ళో మిగిలినవాళ్ళ మెడకు చుట్టుకుంటాయి. రాత్రి పదినుంచి పొద్దున ఆరుదాకా మైకు పెట్టకూడదని చట్టమే ఉంది.

2018 నవంబరులో అండమాన్ దగ్గర నార్త్ సెంటినెల్ దీవికి సువార్త చెప్పాలని పోయి చనిపోయిన జాన్ అలెన్ చౌ అనే అమెరికా యువకుడి సంగతి మీరు చదివే ఉంటారు. వయసు 26. అతని ప్రేమ నిజమైనదే, ప్రాణానికి తెగించాడు. ఆ కన్నవాళ్ళ దుఃఖం తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. కానీ ప్రవేశం నిషేధించిన ఆ దీవి దగ్గరికి అతణ్ణి పడవలో చేర్చిన జాలర్లు అరెస్టయ్యారు. బయటి జబ్బులకు తట్టుకునే శక్తి లేని ఆ దీవివాళ్ళకు అతని రాక వల్లే ముప్పు ఉండింది. తన ప్రాణం తాను ఇచ్చుకోవచ్చుననుకున్నవాడు ఇతరుల ప్రాణాల్ని కూడా పణంగా పెట్టాడు. మన పిల్లలకు అంత పెద్ద పరీక్ష రాదు. అయినా "నేను చేసే పనికి మూల్యం ఎవరు చెల్లిస్తారు?" అనే ప్రశ్న కరపత్రం పంచే కుర్రవాడికీ వర్తిస్తుంది.

విదేశాల్లో ఉండి, పిల్లల్ని అమ్మమ్మ ఊరికి పరిచర్య కోసం పంపే తల్లిదండ్రులకు కూడా రెండు ముక్కలు. పర్యాటక వీసా మీద వచ్చి బోధ చెయ్యకూడదు. ఓసీఐ కార్డు ఉన్నా మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి కావాలని 2021లో కేంద్రం స్పష్టం చేసింది. దాన్ని దాటవేసి "చుట్టాల ఇంటికి వచ్చాం" అని చెప్పించి మీ బిడ్డ చేత అబద్ధంతో సేవ మొదలుపెట్టించకండి. 1903లో ఇదే నెల్లూరు తెలుగు బాప్టిస్టులు తమ చిన్న చిన్న కానుకలతో జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపారు. అక్కడి తోటల్లో ఒప్పందపు కూలీలుగా ఉన్న తెలుగువాళ్ళ మధ్య ఆయన కుటుంబంతో సహా కాపురముండి సంఘం కట్టారు. పంపినవాళ్ళు బీదవాళ్ళు, పోయినాయన అక్కడే ఏళ్ళపాటు నిలిచారు. మన పిల్లలు పోయేది కొన్నాళ్ళకే కాబట్టి ఆ కొన్నాళ్ళయినా నిజాయితీగా ఉండాలి.

ఒకవేళ మీ బిడ్డ మధ్యలోనే "నావల్ల కావడం లేదు, వచ్చేస్తా" అని ఫోన్ చేస్తే సిగ్గుపడకండి, తిట్టకండి. మార్కు అనే యోహాను పంఫూలియలో జట్టును వదిలి ఇంటికి వచ్చేశాడు. దానివల్ల పౌలు, బర్నబా విడిపోయేంత వాదన జరిగింది. చివరికి అదే పౌలు, మార్కును వెంటబెట్టుకు రమ్మని, తనకు అతను పనికొస్తాడని కబురు పెట్టాడు. తిరిగొచ్చిన బిడ్డకు అన్నం పెట్టి పడుకోనివ్వండి. మర్నాడు అడగొచ్చు. ఏదైనా పాడుచేసి వచ్చుంటే, ఒకరి మైకు సెట్టు పగలగొట్టో, ఒకరితో దురుసుగా మాట్లాడో వచ్చుంటే, "దేవుని పనిలో జరిగిందిలే" అని కప్పెయ్యకండి. ఫోన్ చేయించి క్షమాపణ చెప్పించండి. ఖర్చు మీరు భరించినా, కొంతైనా వాడి చేతి డబ్బులోంచి పోనివ్వండి.

తిరిగొచ్చాక ఎంతమంది ప్రభువును అంగీకరించారని మనం ఆత్రంగా అడుగుతాం. ఆ అంకె కోసమే పిల్లలు అక్కడ తొందరపడతారు. దానికి బదులు వంట చేసిన ఆమె పేరేంటని అడగండి. ఎవరికి ఏం మాట ఇచ్చావని అడగండి. నీళ్ళ క్యాన్ల డబ్బు ఎవరిచ్చారని అడగండి. జవాబులు తడుముకుంటే కోప్పడకండి, వచ్చే ఏడాదికి తెలుసుకుంటారు.

ఇక మీతో ఒక్క మనవి. ఈ వేసవిలో మీ బిడ్డ పేరు జాబితాలో ఉంటే, బయల్దేరే రోజుకు వారం ముందే అక్కడి పాస్టరు గారి ఇంటి నంబరు తీసుకోండి. పాస్టరు గారితోనే కాదు, ఆ ఇంటి అమ్మతో మీరే మాట్లాడండి. వందనాలు చెప్పి, ఎంతమందికి వండాలో, ఏం తక్కువ పడుతుందో, రాత్రిళ్ళు ఎవరు ఎక్కడ పడుకుంటారో అడిగి తెలుసుకోండి. ఆ ఫోన్ మీ బిడ్డ ఎదురుగా చెయ్యండి.